మొదటి పడవల్లో దింపినోళ్ళు

(మన చరిత్ర మనమే రాసుకుందాం – 23వ భాగం)

పొద్దున ఐదింటికి షాద్‌నగర్‌ల ఏ గ్రౌండ్‌కు పోయినా పోరగాళ్ళు ఉరుకుతనే ఉంటరు. పోలీస్ కొలువుకు కొందరు, మిలటరీకి కొందరు. చుట్టుపక్కల తండాల పిల్లలు, మాదిగ వాడల పిల్లలు, మాల వాడల పిల్లలే ఎక్కువ. పోయినవారం అట్ల ఉరికి వచ్చి, చెమటలు తుడుచుకుంటూ ఒక తమ్ముడు నన్ను అడిగిండు.

"అన్నా, మా కోచింగ్ సార్ అంటడు, యుద్ధం చేసుడు మనోళ్ళ రక్తంల లేదట. రాజ్‌పుత్‌లు, సిక్కులు, గూర్ఖాలు పుట్టుకతోనే సిపాయిలట. నిజమేనా?"

అబద్ధం తమ్మీ అన్న. మరి అబద్ధమని ఎట్ల చెప్తవ్ అన్నడు. న్యాయమైన ప్రశ్న. నోటిమాటతో కాదు, చరిత్రతో జవాబు చెప్తానని మాటిచ్చాను. ఈ భాగం ఆ తమ్ముడి కోసం. అట్లాంటి మాటలు విని తలదించుకున్న ప్రతి తమ్ముడి కోసం, చెల్లె కోసం.

ముందు మన పేరు సంగతి.

1756–57లో రాబర్ట్ క్లైవ్ మద్రాస్ నుంచి బెంగాల్‌కు ఓడల్లో సిపాయిలను తీసుకుపోయాడు. ప్లాసీ యుద్ధంలో కొట్లాడింది వాళ్ళు కూడా. వాళ్ళలో తెలుగు నేల నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, ఉత్తరాదిన కంపెనీ సిపాయి అంటేనే "తిలంగా" అని పేరు పడిపోయింది. వంద ఏళ్ళ తర్వాత, 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలను కూడా "తిలంగాలు" అనే పిలిచారు. అప్పటికి ఆ సిపాయిల్లో ఎక్కువమంది అవధ్ బ్రాహ్మణులు, రాజ్‌పుత్‌లు. అయినా పేరు మాత్రం మనదే. ఒకప్పుడు ఉత్తర భారతం అంతటా మన పేరుకు అర్థం సిపాయి. "మీ రక్తంలో లేదు" అని చెప్పేవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు. కానీ అసలు కథ దీని తర్వాతే ఉంది.

ఆ తొలినాళ్ళ మద్రాస్ సైన్యం కులం గురించి పెద్దగా పట్టించుకోలేదు. ముస్లింలు, తెలుగు కులాలు, తమిళ కులాలు, వాళ్ళతోపాటు పరైయర్లు, ఇతర అంటరాని కులాల వాళ్ళు ఒకే సైన్యంలో ఉన్నారు. అటు బొంబాయి సైన్యంలో మహార్లు ఉన్నారు. 1818 జనవరి 1న భీమా కోరేగావ్‌లో పీష్వా సేనను నిలువరించిన దళంలో మహార్ల సంగతి మీకు కొత్త కాదు. 1824లో బర్మా యుద్ధం వచ్చినప్పుడు బెంగాల్ సిపాయిల్లో ఒక దళం బయలుదేరనంటే బ్యారక్‌పూర్‌లో వాళ్ళ మీద ఫిరంగులు పేల్చారు. వాళ్ళ అభ్యంతరాల్లో సముద్రం దాటితే కులం పోతుందన్న భయం ఒకటి. మద్రాస్ సిపాయిలు ఓడలెక్కి రంగూన్ పోయారు. కులం బరువు లేనోడికి ఓడ ఎక్కడం తేలిక.

మరి మనవాళ్ళు ఎందుకు చేరారు? దేశభక్తి అనే మాట అప్పటికి పుట్టలేదు. వాళ్ళ లెక్క వేరు. ఊళ్ళో ఉంటే గిర్దావర్ దౌరాకొచ్చినప్పుడు ఆయన సామాను పక్క ఊరిదాకా మోయాలి. దొర కచేరీ చేరేదాకా మోయాలి. కూలి లేదు, ఎదురు మాట లేదు. దాని పేరు వెట్టి. దండులో కూడా బరువు మోయాల్సిందే, కానీ నెల తిరిగేసరికి చేతిలో జీతం పడుతుంది. ఒంటి మీద యూనిఫాం ఉంటుంది. పిల్లలకు దండు బడి ఉంటుంది. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్‌పాల్ సుబేదార్. దండు బడికి హెడ్‌మాస్టర్‌గా పనిచేశాడు. 1891లో బాబాసాహెబ్ పుట్టింది మహూ కంటోన్మెంట్‌లో. ఒక తరం దండు జీతం, దండు చదువు అంటరానివాళ్ళను ఎక్కడిదాకా తీసుకుపోగలవో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అందుకే ఆ తలుపు మూసేశారు.

1857 తర్వాత బ్రిటిష్ వాళ్ళు "యుద్ధ జాతులు" అనే సిద్ధాంతం తయారుచేశారు. దానికి పెద్ద ప్రచారకుడు లార్డ్ రాబర్ట్స్. 1881 నుంచి 1885 దాకా మద్రాస్ సైన్యాధిపతి, ఆ తర్వాత భారత సైన్యం మొత్తానికే అధిపతి. ఉత్తరాది చలి ప్రాంతాలవాళ్ళు వీరులని, దక్షిణాదివాళ్ళు సుఖం మరిగి మెత్తబడిపోయారని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే విధానమైంది. 1890ల మొదట్లో మహార్ల చేరికలు ఆపేశారు. ఆ శతాబ్దం ముగిసేసరికి పదాతి దళాల్లో తెలుగువాళ్ళ చేరికలు కూడా దాదాపు ఆగిపోయాయి. పైకులం పక్కన అంటరానివాడు నిలబడితే క్రమశిక్షణ చెడుతుందన్నారు. నిన్నటిదాకా చెడనిది ఇవాళ ఎట్లా చెడింది అని అడిగే హక్కు మనకు లేదు. మనువు పుస్తకంలో రాసిందాన్నే తెల్లదొర తన రిజిస్టర్‌లో ఎక్కించుకున్నాడు.

దక్షిణాది అంటరానివాళ్ళకు మిగిలినవి రెండు చోట్లే. ఒకటి సాపర్లు, రెండు పయనీర్లు. సాపర్లు వంతెనలు కట్టేవాళ్ళు. పయనీర్లు సైన్యం ముందు నడిచి బాటలు వేసేవాళ్ళు. పయనీర్ దగ్గర రైఫిల్‌తోపాటు గైంతి, పార ఉంటాయి. అంటే చేతికి తుపాకీ ఇచ్చినా, వీపు మీద నుంచి పార దించలేదు.

ఇక మన నిజాం రాజ్యం సంగతి. షాద్‌నగర్ పేరులోని "షాద్" నిజాం దివాన్ మహారాజా కిషన్ పర్షాద్ కలం పేరు అని పెద్దలు చెప్తారు. ఆ నిజాం ప్రభుత్వం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల కింద "హైదరాబాద్ కంటింజెంట్" అనే సైన్యం ఉండేది. జీతాలు హైదరాబాద్‌వి, హుకుం బ్రిటిష్ వాళ్ళది. ఆ ఖర్చు బాకీ కిందనే 1853లో బేరార్ పోయింది. 1902లో ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత లీజు రాయించుకున్నాడు కర్జన్. మరుసటి ఏడాది ఆ కంటింజెంట్‌ను బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేసుకున్నారు. శిస్తు కట్టింది మన రైతు. ఆ రైతు పొలంలో చాకిరీ చేసింది మన తాత. తుపాకీ మాత్రం ఉత్తరాది నుంచి తెచ్చినవాడి చేతిలో. అట్లా కలిపిన దళాల్లో ఒకటి 98వ ఇన్‌ఫాంట్రీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

1914 ఆగస్టులో యూరప్‌లో యుద్ధం మొదలైంది. మంచి దళాలుగా లెక్కకట్టినవాటిని ఫ్రాన్స్‌కు పంపారు. మిగిలినవాటిని పోగేసి, జర్మన్ తూర్పు ఆఫ్రికా మీదికి ఒక సేనను తయారుచేశారు. ఇవాళ్టి టాంజానియాలో ఉన్న టాంగా రేవును పట్టుకోవాలి. సుమారు 8 వేల మంది. సేనాని మేజర్ జనరల్ ఐట్‌కెన్. అందులో మద్రాస్ నుంచి 61వ పయనీర్లు, 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫాంట్రీ. మన పాత కంటింజెంట్ 98వ ఇన్‌ఫాంట్రీ. ఇంకా 13వ రాజ్‌పుత్‌లు, 101వ గ్రెనేడియర్లు, కాశ్మీర్ రైఫిల్స్, గ్వాలియర్ దళం, ఒక బ్రిటిష్ పటాలం.

ఆ 61వ పయనీర్లలో ఒక పంతొమ్మిదేళ్ళ పిల్లగాడిని ఊహించుకోండి. నేను పేరు పెట్టను. జీతం నెలకు 11 రూపాయలు. అప్పటిదాకా చేసిన పని రోడ్లు వేయడం, గుట్టలు తొలవడం. సముద్రం చూసి ఉండడు. అక్టోబర్ 16న బొంబాయి నుంచి ఓడలు బయలుదేరాయి. కిక్కిరిసిన ఓడల్లో రెండు వారాలకు పైగా. వాంతులు, ఉక్కపోత, ఇరుకు. కొన్ని దళాలకు కొత్త రైఫిళ్ళు బయలుదేరేముందే చేతికొచ్చాయి. సరిగ్గా గురి చూసి కాల్చడం నేర్చుకునే టైం కూడా దొరకలేదు. ఎక్కడికి పోతున్నామో సిపాయికి చెప్పేవాడు లేడు. తనకూ జర్మన్ కైజర్‌కూ ఏం తగాదానో అంతకన్నా తెలియదు.

నవంబర్ 2న టాంగా ముందు ఒక బ్రిటిష్ యుద్ధనౌక ఆగింది. దాని కెప్టెన్ దర్జాగా ఒడ్డుకు కబురు పెట్టాడు: ఊరు అప్పగిస్తారా, లేదా? జర్మన్ అధికారి మాటలతో కాలయాపన చేశాడు. ఆ గంటల్లో జర్మన్ సేనాని లెట్టో-ఫోర్బెక్ లోపలి నుంచి రైళ్ళలో తన సైన్యాన్ని దించుకోవడం మొదలుపెట్టాడు. శత్రువుకు ముందే కబురు చెప్పి, ఆ తర్వాత సిపాయిలను ఒడ్డుకు తోలారు.

ఆ రాత్రి మొదట దింపింది ఎవరిని? 13వ రాజ్‌పుత్‌లను, 61వ పయనీర్లను. ఊరికి దూరంగా, మడచెట్ల బురదలో, చీకట్లో. రెండు వారాల ఓడ వాంతులతో నీరసించినవాళ్ళు నవంబర్ 3 తెల్లవారుజామున నేరుగా దాడికి నడిచారు. నిద్ర లేదు. దారి చూపే మనిషి లేడు. ఎదురుగా రైలు కట్ట పక్కన మెషిన్ గన్‌లు. బాట వేయడం నేర్చినవాణ్ణి బాట లేని చోట మొదటి వరసలో నిలబెట్టారు. రెండు దళాలూ దెబ్బతిని వెనక్కి వచ్చాయి.

మరునాడు మధ్యాహ్నం, మండుటెండలో, అసలు దాడి. ఎత్తైన పొదలు, రబ్బరు తోటలు. పక్కవాడు కనపడడు. నీళ్ళు లేవు. కాశ్మీర్ రైఫిల్స్, బ్రిటిష్ పటాలం ఊళ్ళోకి చొచ్చుకుపోయాయి. ఎడమ పక్కన 101వ గ్రెనేడియర్లు ఘోరంగా నష్టపోయారు. 63వ దళం చెదిరిపోయింది. 13వ రాజ్‌పుత్‌లు కూడా నిలవలేకపోయారు. అదే సమయంలో చెట్లకు వేలాడదీసిన తేనెపట్లు తుపాకీ మోతలకు లేచాయి. వేల తేనెటీగలు మన 98వ ఇన్‌ఫాంట్రీ మీద పడ్డాయి. బుల్లెట్‌కు ఎదురు నడిచే మనిషి కూడా ముఖం నిండా తేనెటీగలు మూగితే ఏం చేస్తాడు? మనం చెట్ల కింద చూసిందే కదా, ఒక్క పట్టు లేస్తే ఊరంతా ఉరుకుతుంది. జర్మన్లు కావాలని తేనెటీగలను వదిలారని తర్వాత ఇంగ్లండ్‌లో ప్రచారం జరిగింది. తేనెటీగలకు పక్షం లేదు. అవి అటువాళ్ళనూ కుట్టాయి.

నవంబర్ 5న మిగిలినవాళ్ళు ఓడలెక్కి వెనుదిరిగారు. సుమారు వెయ్యి మంది చేతిలో 8 వేల సేన ఓడిపోయింది. బ్రిటిష్ వైపు 360 మంది చనిపోయారు. వందల రైఫిళ్ళు, 16 మెషిన్ గన్‌లు, 6 లక్షల తూటాలు ఒడ్డున వదిలేశారు. ఆ సంగతి ఇంగ్లండ్ జనానికి నెలల తరబడి చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. తప్పు ఎవరిది?

శత్రువుకు ముందే కబురు పెట్టింది అధికారి. ముందు పోయి ప్రాంతం చూసి రావాల్సిన పని ఎగ్గొట్టింది సేనాని. నిద్ర లేని మనుషులను తెలియని అడవిలోకి తోలింది సేనాని. కానీ చరిత్రలోకి ఎక్కింది వేరే మాట: "దక్షిణాది సిపాయిలు పనికిరారు." ఆ సేనలో ఇంటెలిజెన్స్ అధికారిగా ఉన్న మైనర్ట్‌జాగన్ తన డైరీలో ఈ సిపాయిలను ఎంత చులకన చేశాడో, వందేళ్ళపాటు పుస్తకాలు అవే మాటలను ఎత్తి రాశాయి. ఆ మైనర్ట్‌జాగన్ పక్షిశాస్త్రంలో దొంగ నమూనాలు పెట్టి మోసం చేశాడని తర్వాత తేలింది. ఆ డైరీలను నమ్మలేమని పరిశోధకులు చెప్పారు. అయినా అతని మాటకున్న విలువ, బురదలో పడి చచ్చిన పయనీర్ చావుకు లేదు. డైరీ రాసే చేతికి, గైంతి పట్టే చేతికి మధ్య తేడా ఇదే.

తమ్మీ, నీ సార్‌కు ఒక ప్రశ్న వెయ్యి. ఆ రోజు చెదిరినవాళ్ళలో 13వ రాజ్‌పుత్‌లు కూడా ఉన్నారు కదా, వాళ్ళు యుద్ధ జాతే కదా? మరి వాళ్ళ రక్తం ఏమైంది? రాజ్‌పుత్ చెదిరితే "ఆ రోజు పరిస్థితి బాగోలేదు" అంటారు. మద్రాసీ చెదిరితే "ఆ జాతే అంత" అంటారు. ఒకరి ఓటమికి కారణాలు ఉంటాయి, ఇంకొకరి ఓటమికి కులం ఉంటుంది. మన పిల్లలు పరీక్ష తప్పినా, కొలువులో పొరపాటు చేసినా ఇవాళ్టికీ వినపడే మాట ఇదే కదా? రిజర్వేషన్ మీద నోరు పారేసుకునేవాళ్ళ భాష టాంగా ఒడ్డున కూడా ఉంది.

నిజాయితీగా ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. బ్రిటిషోడి కోసం కొట్లాడిన సిపాయిని చూసి మనం గర్వపడాలా? నేను గర్వం అనే మాట వాడను. ఎదురుగా నిలబడి కాల్చినవాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికన్ అస్కారీలు. వాళ్ళూ వలస దేశం బిడ్డలే. చాలామంది చేతుల్లో పాతకాలం పొగ తుపాకులు. ఇద్దరు తెల్ల రాజుల పంచాయితీకి నల్లవాడు, నల్లవాడు చంపుకున్నారు. తర్వాతి నాలుగేళ్ళు ఆ నేల మీద ఆఫ్రికన్ కూలీలను లక్షల్లో పట్టుకొచ్చి సైన్యానికి బరువులు మోయించారు. వేలకు వేల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. దారెస్సలాంలో "కరియాకో" అనే బస్తీ పేరు ఆ "క్యారియర్ కోర్" నుంచి వచ్చిందే. వెట్టి మన ఊళ్ళోనే లేదు, ప్రపంచమంతా ఉంది. ఆ పంతొమ్మిదేళ్ళ పయనీర్‌ను నేను గుర్తుచేసేది జెండా ఊపడానికి కాదు. పంపినవాళ్ళను, నింద వేసినవాళ్ళను లెక్క అడగడానికి.

యుద్ధం సాగుతూ మనుషులు చాలకపోయేసరికి సిద్ధాంతం మారింది. పాతికేళ్ళ కింద పనికిరారన్న మహార్లతో 1917లో 111వ మహార్ దళం ఏర్పాటు చేశారు. యుద్ధం అయిపోయింది, 1921లో రద్దు చేశారు. 1920ల చివరికి మద్రాస్ రెజిమెంటే లేకుండా పోయింది. 1933లో పయనీర్లను మొత్తంగా రద్దు చేశారు. 1939లో మళ్ళీ యుద్ధం వచ్చింది. మళ్ళీ మేము గుర్తొచ్చాం. 1941లో, బాబాసాహెబ్ వైస్రాయ్ రక్షణ మండలిలో ఉండి గట్టిగా అడిగిన కాలంలో, మహార్ రెజిమెంట్ పుట్టింది. మద్రాస్ రెజిమెంట్‌కు మళ్ళీ ప్రాణం వచ్చింది. 1943లో చమార్ రెజిమెంట్ వచ్చింది. 1946లో దాన్ని రద్దు చేశారు. ఈ తేదీలన్నీ ఒక వరసలో పెట్టి చూడండి. యుద్ధం మొదలైన రోజు మేము వీరులం. ముగిసిన రోజు మళ్ళీ అంటరానివాళ్ళం.

ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. నిజాం గుర్రపు దళాలకు విగ్రహం ఉంది. పయనీర్లకు అక్కడ విగ్రహం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 74 వేల మంది భారతీయ సైనికులు చనిపోయారు. 2021 ఏప్రిల్‌లో కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ తన నివేదికలోనే ఒప్పుకుంది: ఆ యుద్ధంలో చనిపోయిన 45 వేల నుంచి 54 వేల మంది ఆసియా, ఆఫ్రికా వాసులకు తెల్లవాళ్ళతో సమానమైన స్మరణ దక్కలేదు. కనీసం లక్షా 16 వేల మందికి అసలు పేరే చెక్కలేదు. బ్రిటిష్ ప్రభుత్వం పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. చావులో కూడా రెండు గ్లాసుల పద్ధతి నడిచిందన్నమాట. నేను ఆ పయనీర్‌కు పేరు ఎందుకు పెట్టలేదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. పేరు దాచింది నేను కాదు.

ఇదంతా పాత కథ అని వదిలేయలేం. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ళ కొలువు, నూటికి 25 మందికే కొనసాగింపు, మిగతావాళ్ళకు పెన్షన్ లేదు. మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్‌లో మన పిల్లలు రైలు పట్టాల మీదికి వచ్చారు. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతం పిల్లవాడు ఒకడు చనిపోయాడు. 2025 మేలో పాకిస్తాన్‌తో కాల్పులు మొదలైనప్పుడు నియంత్రణ రేఖ దగ్గర చనిపోయిన మన తెలుగు బిడ్డ మురళీ నాయక్. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా. అగ్నివీర్. లంబాడా బిడ్డ. తల్లిదండ్రులు బతుకుదెరువుకు ముంబై పోయినవాళ్ళు. పాలమూరు నుంచి ముంబై బస్సు ఎక్కిన ప్రతి కుటుంబానికీ ఆ ఇల్లు తెలుసు. అధికార లాంఛనాలతో సాగనంపారు, మంచిదే. కానీ నాలుగేళ్ళు నిండి బతికి తిరిగొచ్చే అగ్నివీర్‌కు ఏ లాంఛనం ఉంది? చచ్చినోడికి సెల్యూట్, బతికినోడికి చేతిలో కొంత సొమ్ము పెట్టి ఇంటికి పొమ్మనడం. 1921 నాటి మహార్ సిపాయి ఇది వింటే ఆశ్చర్యపోడు.

తమ్మీ, నువ్వు ఉరుకు. ఆపకు. కొలువు నీ హక్కు. జీతం నీ ఇంటికి అవసరం. కానీ ఎవడన్నా నీ రక్తం గురించి మాట్లాడితే టాంగా పేరు చెప్పు. ధైర్యం కులంలో ఉండదు. తిండి, నిద్ర, శిక్షణ, మంచి తుపాకీ, నమ్మదగిన అధికారి – ఇవి ఉన్నచోట ధైర్యం ఉంటుంది. ఇవేవీ ఇవ్వకుండా మొదటి పడవలో దింపి, తర్వాత నీ జాతిని తిట్టేవాడికి నువ్వు బాకీ లేవు. వాడే నీకు బాకీ.

వచ్చే భాగంలో 1941 డిసెంబర్ 8 అర్ధరాత్రి మలయాలోని కోట భారు తీరానికి పోదాం. పెర్ల్ హార్బర్ కన్నా ముందే జపాన్ దిగిన ఆ రాత్రి, అక్కడి విమానాశ్రయం కాపలాలో ఉన్నది మన హైదరాబాద్ పటాలమే.

మీ ఊళ్ళో, మీ వాడలో పాత సిపాయిల కథలు వింటే రాసిపెట్టండి. పేరు, ఊరు, దళం, ఎన్నేళ్ళు చేశాడు. పెద్దోళ్ళు ఉన్నప్పుడే అడగండి. రాసుకోకపోతే మళ్ళీ ఎవడో డైరీ రాస్తాడు.

జై భీమ్.